174 ఎకరాలు, 99 ఏళ్లు: వాషింగ్టన్ నగరానికి ఫెడరల్ భూమి ఎలా దక్కింది

వాషింగ్టన్ డీసీలో అమెరికా పార్లమెంటు భవనం నుంచి ఈస్ట్ క్యాపిటల్ స్ట్రీట్ పట్టుకుని తూర్పుగా వెళ్తే, సుమారు రెండు మైళ్ల తర్వాత అనకోస్టియా నది వస్తుంది. నది ఒడ్డున ఎన్నో ఏళ్లుగా పాడుబడిన ఒక స్టేడియం, దాని చుట్టూ ఎటు చూసినా తారు పరిచిన పార్కింగ్ స్థలాలు ఉండేవి. ఆ స్టేడియం పేరు రాబర్ట్ ఎఫ్. కెనడీ స్మారక స్టేడియం, వాడుకలో ఆర్‌ఎఫ్‌కే. 2017 అక్టోబరులో డీసీ యునైటెడ్ సాకర్ జట్టు ఆఖరి ఆట ఆడి వెళ్లిపోయాక అక్కడ తాళం తీసిన వాళ్లు లేరు. రాజధాని నడిబొడ్డుకు ఇంత దగ్గర్లో, మెట్రో స్టేషన్ పక్కనే, నది ఒడ్డున ఉన్న స్థలం. మన దగ్గరైతే ఈపాటికి పది వెంచర్ల బోర్డులు వెలిసేవి. అక్కడ మాత్రం ఏళ్ల తరబడి ఒక్క ఇటుక పడలేదు.

కారణం ఒక్కటే. ఆ భూమి నగరానిది కాదు, ఫెడరల్ (అంటే అమెరికా కేంద్ర) ప్రభుత్వానిది. కాగితాల మీద అది ప్రభుత్వ భూములు, పార్కులు చూసే అంతర్గత వ్యవహారాల శాఖ కింద ఉండే నేషనల్ పార్క్ సర్వీస్ ఆధీనంలోని పార్కు భూమి. తారు పార్కింగ్‌కు పార్కు అని పేరేమిటని అడగొచ్చు, కానీ రికార్డు అంతే. నగరం అక్కడ లీజుదారు మాత్రమే. 1988లో మొదలైన 50 ఏళ్ల లీజు 2038తో ముగియాలి. ఆ లీజు ప్రకారం అక్కడ స్టేడియం, ఆటస్థలాలు, బహిరంగ వినోదం తప్ప మరేదీ కట్టకూడదు. ఒక్క ఇల్లు కట్టాలన్నా, ఒక్క దుకాణం తెరవాలన్నా చట్టసభలో కొత్త చట్టం రావాల్సిందే.

ఆ చట్టం 2025 జనవరి 6న అధ్యక్షుడు బైడెన్ సంతకంతో వచ్చింది. స్టేడియం ప్రాంగణంలోని సుమారు 174 ఎకరాల అజమాయిషీ ఫెడరల్ ప్రభుత్వం నుంచి డీసీ నగర ప్రభుత్వానికి మారింది. వార్తల్లో దీన్ని "భూమి నగరానికి ఇచ్చేశారు" అని రాశారు. చట్టం చదివితే అంత సులువుగా లేదు. నగరానికి దక్కింది కనీసం 99 ఏళ్లపాటు ఆ భూమిని నిర్వహించే అధికారం. అసలు హక్కు మాత్రం ఇప్పటికీ అమెరికా ప్రభుత్వం పేరు మీదే ఉంది. పైగా ఈ అధికారం వెంట షరతుల జాబితా ఒకటి వచ్చింది. ఇలాంటి బదలాయింపుల్లో ఎన్ని ఎకరాలు, ఎంత ధర అన్నది పైకి కనిపించే లెక్క. అసలు బేరమంతా షరతుల్లో ఉంటుంది. వాషింగ్టన్ కథలో అది ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

భూమి చేతిలో ఉంటే పెత్తనం ఎలా ఉంటుంది

స్టేడియం 1961 అక్టోబరులో మొదలైంది. అప్పట్లో దాని పేరు డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా స్టేడియం. రాబర్ట్ కెనడీ హత్య తర్వాత, 1969లో ఆయన పేరు పెట్టారు. తలుపులు తెరవకముందే ఈ భూమి ఎవరిదన్న విషయం పెద్ద రాజకీయ అంశమైంది.

అప్పటి వాషింగ్టన్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ తన జట్టులోకి నల్లజాతి ఆటగాళ్లను తీసుకోనని భీష్మించుకు కూర్చున్నాడు. దేశంలోని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లన్నీ అప్పటికే తీసుకున్నాయి, మిగిలింది ఇదొక్కటే. కెనడీ ప్రభుత్వంలో అంతర్గత వ్యవహారాల మంత్రిగా ఉన్న స్టూవర్ట్ యుడాల్ 1961 వసంతంలో ఒక హెచ్చరిక పంపారు. స్టేడియం ఉన్నది ఫెడరల్ పార్కు భూమి. ఫెడరల్ భూమిపై ఉద్యోగాల్లో జాతి వివక్ష కుదరదు. జట్టు మారకపోతే కొత్త స్టేడియంలో అడుగు పెట్టనివ్వం. మార్షల్ కొన్నాళ్లు గింజుకున్నాడు, చివరికి దిగొచ్చాడు. 1962 సీజన్‌లో బాబీ మిచెల్ వంటి నల్లజాతి ఆటగాళ్లు ఆ జట్టు జెర్సీ వేసుకున్నారు. ఒక క్రీడా జట్టు నియామకాలను మార్చడానికి ప్రభుత్వం వాడింది పౌరహక్కుల చట్టాన్ని కాదు, ఆ చట్టం అప్పటికి ఇంకా రానేలేదు. వాడింది భూయజమానిగా తనకున్న హక్కును.

ఈ ఆయుధం రెండు వైపులా పదునున్నదే. ఆ జట్టు పాత పేరు రెడ్‌స్కిన్స్. అమెరికా మూలవాసులను కించపరిచే మాట అని ఎన్నో ఏళ్లు అభ్యంతరాలు వచ్చాక 2020లో ఆ పేరు వదిలేశారు. 2022 నుంచి కమాండర్స్ అంటున్నారు. (ఉత్తర వర్జీనియాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ పేరు కొత్త కాదు, జట్టు ప్రాక్టీస్ మైదానం వాళ్లు ఎక్కువగా ఉండే యాష్‌బర్న్‌లోనే ఉంది.) ఒబామా కాలంలో, పేరు మార్చుకోకపోతే పార్కు భూమిలో కొత్త స్టేడియానికి సహకరించేది లేదన్న సంకేతాలు అంతర్గత వ్యవహారాల శాఖ నుంచి వెళ్లాయి. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ సరిగ్గా తలకిందులుగా మాట్లాడారు. పాత పేరు మళ్లీ పెట్టకపోతే స్టేడియం ఒప్పందానికి అడ్డం పడతానన్నారు. అప్పటికి చట్టం వచ్చి ఆరు నెలలు దాటింది. భూమి నగరం చేతికి వెళ్లినా ఇలాంటి బెదిరింపు వినబడుతోందంటే, హక్కు ఎవరి పేరు మీద ఉందన్నది ఉత్త సాంకేతిక వివరం కాదని అర్థం.

డీసీకి ఉన్న ఇబ్బంది మిగతా అమెరికా నగరాలకు లేదు. అది ఏ రాష్ట్రంలోనూ భాగం కాదు. రాజ్యాంగంలోని మొదటి అధికరణమే రాజధాని ప్రాంతంపై పూర్తి శాసనాధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు ఇచ్చింది. 1973 హోం రూల్ (స్థానిక స్వపరిపాలన) చట్టంతో మేయరు, కౌన్సిల్ వచ్చినా, నగరం చేసే చట్టాలను కాంగ్రెస్ కొట్టేయగలదు. ప్రతినిధుల సభలో డీసీకి ఒక ప్రతినిధి ఉంటారు కానీ ఓటు ఉండదు, సెనేట్‌లో అదీ లేదు. నగర విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు ఫెడరల్ భూమి. ఆ భూమి మీద ఆస్తి పన్ను రాదు. అందుకే నగరానికి ప్రతి ఎకరం విలువైనదే. ఆ ఎకరం తెచ్చుకోవాలంటే మాత్రం తమ ప్రతినిధికి ఓటు లేని సభను బతిమాలుకోవాలి.

ఒక బిల్లు, నాలుగు బేరాలు

బిల్లును 2023లో ప్రతినిధుల సభలో పెట్టింది కెంటకీకి చెందిన రిపబ్లికన్ జేమ్స్ కోమర్. డీసీ ప్రతినిధి, డెమొక్రాట్ ఎలినార్ హోమ్స్ నార్టన్ ఆయనతో చేయి కలిపారు. మిగతా విషయాల్లో ఈ ఇద్దరికీ అస్సలు పడదు. 2024 ఫిబ్రవరి 28న సభ 348-55 ఓట్లతో దాన్ని ఆమోదించింది. ఇంత మెజారిటీ చూసి సెనేట్‌లో లాంఛనమే అనుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత సెనేట్‌కు అతికినట్టు సరిపోతుంది. అక్కడ ఒక్క సభ్యుడు అభ్యంతరం చెప్పినా బిల్లు నెలల తరబడి మూలన పడుతుంది.

మొదటి అడ్డు మోంటానా సెనేటర్ స్టీవ్ డెయిన్స్. ఆయన అభ్యంతరానికీ భూమికీ ఏ సంబంధం లేదు. జట్టు పాత లోగోను రూపొందించడంలో మోంటానాకు చెందిన బ్లాక్‌ఫీట్ తెగ నాయకుడు బ్లాకీ వెట్జెల్‌ది ప్రధాన పాత్ర. పేరుతో పాటు ఆ బొమ్మనూ చెరిపేశారు, ఆ కుటుంబానికి తగిన గౌరవం దక్కాలి అన్నది ఆయన పట్టు. జట్టుతో మాటలు జరిగాక 2024 నవంబరులో వెనక్కి తగ్గారు, సెనేట్ కమిటీ బిల్లును ముందుకు పంపింది.

రెండో అడ్డు పక్క రాష్ట్రం మేరీల్యాండ్. 1997 నుంచి జట్టు ఆడుతున్న స్టేడియం మేరీల్యాండ్‌లోని ల్యాండోవర్‌లో ఉంది. డీసీకి భూమి ఇస్తే జట్టు లేచిపోతుంది, ఆదాయం పోతుంది. మరి మాకేమిటి? జవాబుగా కుదిరిన సర్దుబాటులో ఒక వింత వస్తువు ఉంది: యుద్ధ విమానాలు. డీసీ ఎయిర్ నేషనల్ గార్డ్‌కు చెందిన ఫైటర్ స్క్వాడ్రన్‌ను మేరీల్యాండ్‌కు మళ్లించేందుకు నగరం ఒప్పుకుంది. ఫుట్‌బాల్ స్టేడియం స్థలానికి ప్రతిగా యుద్ధ విమానాలు! ఇలాంటి బేరం చట్టం పాఠంలో ఎక్కడా కనిపించదు.

మూడో గండం డిసెంబరులో వచ్చింది. ప్రభుత్వ ఖర్చులకు డబ్బు ఇచ్చే తాత్కాలిక బిల్లులో ఈ భూమి సంగతినీ చేర్చారు. ఆ బిల్లును చంపేయాలని ఇలాన్ మస్క్ పూనుకున్నారు. స్టేడియానికి 300 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇస్తున్నారంటూ సాగిన ప్రచారానికి ఆయనా గొంతు కలిపారు. నిజానికి అందులో స్టేడియానికి ఒక్క డాలరు లేదు. సరికదా, స్టేడియం కోసం ఫెడరల్ డబ్బు వాడకూడదన్న నిషేధం ఉంది. అయినా జరగాల్సింది జరిగింది, పెద్ద బిల్లు నుంచి ఈ అంశం ఎగిరిపోయింది. అంతా అయిపోయింది అనుకుంటుండగా, డిసెంబరు 21న తెల్లవారితే క్రిస్మస్ సెలవులనగా, అర్ధరాత్రి దాటి గంటకు పైన సెనేట్ దాన్ని విడి బిల్లుగా తీసుకుని ఏకగ్రీవంగా పాస్ చేసేసింది. ఓటింగ్ లేదు, చర్చ లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేరా అని అడిగారు, ఎవరూ నోరు విప్పలేదు.

నాలుగో బేరం చట్టం లోపల ఉంది. అవే షరతులు. స్టేడియం, ఇళ్లు, దుకాణాలు, పార్కులు కట్టుకోవచ్చు. అయితే నదిని ఆనుకున్న పట్టీని పక్కన పెట్టి, మిగిలిన ప్రాంగణంలో కనీసం 30 శాతం పార్కుగా, ఖాళీ స్థలంగా ఉంచాలి. నదీ తీరం పొడవునా జనం నడిచే దారికి ఆటంకం ఉండకూడదు. షరతులు మీరితే ఫెడరల్ ప్రభుత్వం ఊరుకోదు, ఆ మేరకు నగరంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

మన అసైన్డ్ భూమి లాంటిదే

ఈ పద్ధతి డీసీకి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం చేతిలో సుమారు 64 కోట్ల ఎకరాలు ఉన్నాయి, దేశ విస్తీర్ణంలో 28 శాతం. తూర్పు రాష్ట్రాల్లో తక్కువ, పడమట చాలా ఎక్కువ. నెవాడాలో అయితే దాదాపు 80 శాతం ఫెడరల్ భూమే. ఆ భూమిని ఏం చేయాలో తేల్చే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. 19వ శతాబ్దమంతా కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లకు, రైల్వే కంపెనీలకు ఇచ్చుకుంటూ పోయారు. 1976లో వచ్చిన ఫెడరల్ భూముల చట్టం ఆ ఆనవాయితీకి తెర దించింది. దేశ ప్రయోజనం ఉందని తేలితే తప్ప భూమిని ఫెడరల్ ప్రభుత్వమే అట్టిపెట్టుకోవాలి, అమ్మాల్సి వస్తే మార్కెట్ ధరకే అమ్మాలి.

నగరాలకు కావాల్సిన చిన్న చిన్న స్థలాలకు ఒక పక్కదారి ముందు నుంచీ ఉంది. 1926 నాటి చట్టం ఒకటి, తర్వాత సవరణలతో ఇప్పటికీ అమల్లో ఉంది. పార్కు, బడి, ఫైర్ స్టేషన్, లైబ్రరీ వంటి ప్రజావసరాలకు స్థానిక ప్రభుత్వాలు అడిగితే ఫెడరల్ భూమిని నామమాత్రపు ధరకు లీజుకో, సొంతానికో ఇస్తారు. షరతు: ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. ఫైర్ స్టేషన్ కోసం తీసుకున్న స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కడితే భూమి వెనక్కి పోతుంది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇది వెంటనే అర్థమవుతుంది. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్ముకోకూడదు. 1977 చట్టం ప్రకారం అమ్మితే ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు (ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన భూములకు ఈ ఆంక్షను సడలించింది). అక్కడ రైతు స్థానంలో మునిసిపాలిటీ ఉంది, అంతే తేడా. అసైన్డ్ భూములతో మనకున్న అనుభవం ఏం చెబుతుందో కూడా అందరికీ తెలుసు: షరతు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని పట్టించుకునే వాళ్లు ఉండాలి.

న్యూయార్క్ గవర్నర్స్ ఐలాండ్ ఈ షరతులకు మరో రూపం. 172 ఎకరాల ఈ ద్వీపంలో మొదట సైన్యం, తర్వాత కోస్ట్ గార్డ్ ఉండేవి. 1996లో కోస్ట్ గార్డ్ ఖాళీ చేసింది. 2003లో దానిలో 150 ఎకరాలను న్యూయార్క్ నగరం, రాష్ట్రం కలిసి పెట్టిన సంస్థకు ఒక్క డాలరుకు ఇచ్చారు. కోటలున్న 22 ఎకరాలు జాతీయ స్మారకంగా ఫెడరల్ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. మన్‌హాటన్‌కు ఎదురుగా, పడవలో కొన్ని నిమిషాల దూరంలో 150 ఎకరాలు ఒక్క డాలరుకు! వినడానికి లాటరీ తగిలినట్టు ఉంటుంది. కానీ దస్తావేజులో శాశ్వత నివాసాలు కట్టకూడదు, కాసినో పెట్టకూడదు, కనీసం 40 ఎకరాలు పార్కుగా ఉంచాలి, కొంత భాగం విద్యకు కేటాయించాలి అని రాశారు. ఇళ్లు, కాసినో రెండూ లేకపోతే ఆ ద్వీపం నిర్వహణకు డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఇరవై ఏళ్లుగా నగరం వెతుకుతున్న జవాబు అదే. ఆ ద్వీపం ఈనాడు న్యూయార్క్ జనానికి ఎండాకాలంలో సేదతీరే చోటుగా మిగిలిందంటే ఆ షరతుల చలవే. నగరానికి నొప్పిగా ఉన్నది జనానికి మేలుగా మారింది.

లాస్ వెగాస్ వేలం పాట

నెవాడా రాష్ట్రంలోని లాస్ వెగాస్ కథ వేరు. చుట్టూ ఎడారి, ఎడారంతా ఫెడరల్ భూమి. నగరం పెరగాలంటే ఆ భూమి తప్ప గత్యంతరం లేదు. 1990లలో దీనికి భూమార్పిడి అనే పద్ధతి ఉండేది. ప్రైవేటు వ్యక్తులు ఎక్కడో ప్రకృతి ప్రాధాన్యం ఉన్న స్థలాన్ని ప్రభుత్వానికి ఇచ్చి, బదులుగా నగరం దగ్గర భూమి తీసుకునేవాళ్లు. ధరలు అధికారులు కట్టేవాళ్లు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2000లో ఇచ్చిన నివేదికలో ఒక ఉదంతం ఉంది. నెవాడాలో 7,63,000 డాలర్ల విలువగా లెక్కగట్టిన ఫెడరల్ భూమిని తీసుకున్న పార్టీ అదే రోజు దాన్ని 46 లక్షల డాలర్లకు అమ్మేసింది. అదే రోజు! మన దగ్గర కూడా ఇలాంటివి విన్నవాళ్లకు ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఈలోపే, 1998లో, దక్షిణ నెవాడా ప్రభుత్వ భూముల చట్టం వచ్చింది. నగరం చుట్టూ ఒక గీత గీశారు. గీత లోపల భూమిని అమ్మొచ్చు, బయట వద్దు. ఏ ముక్క ఎప్పుడు అమ్మాలో స్థానిక ప్రభుత్వాలూ, ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ కలిసి తేలుస్తాయి. అమ్మకం వేలంలో, బహిరంగంగా. వచ్చిన డబ్బులో 5 శాతం రాష్ట్ర విద్యా నిధికి, 10 శాతం దక్షిణ నెవాడా నీటి సంస్థకు, మిగిలిన 85 శాతం నెవాడాలోనే పార్కులు, కాలిబాటలు, వన్యప్రాణి ఆవాసాల వంటి వాటికి. ఇప్పటిదాకా ఈ మార్గంలో 400 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. భూమి అమ్మితే వచ్చిన డబ్బు వాషింగ్టన్ ఖజానాలో కలిసిపోకుండా ఆ ప్రాంతంలోనే ఉండిపోవడం ఈ చట్టంలోని తెలివి. స్థానికులు దీన్ని ఇన్నేళ్లు భరించడానికీ, సమర్థించడానికీ కారణం అదే.

లోపం లేకపోలేదు. వేలంలో ఎక్కువ పాడేది పెద్ద బిల్డర్లే. సామాన్యుడి ఇంటి ధర దిగిరాలేదు. అందుకే చట్టంలోనే ఉన్న మరో నిబంధన వాడి, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం స్థానిక ప్రభుత్వాలకు ఎకరం 100 డాలర్లకు ఇచ్చే విధానం ఈమధ్య తెచ్చారు. లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీకి అలా 20 ఎకరాలు దక్కాయి. మొత్తం 2,000 డాలర్లు. ఈ ధరకు తగ్గట్టే షరతు కూడా ఉంది, అక్కడ కట్టేవి తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లే అయి ఉండాలి.

గట్టి షరతులు లేకుండా భూములు అమ్మాలని చూస్తే ఏమవుతుందో 2025లో అమెరికా చూసింది. ఆ మే నెలలో నెవాడా, యూటా ప్రతినిధులు ఇద్దరు బడ్జెట్ బిల్లులోకి రాత్రికి రాత్రి ఒక సవరణ జొప్పించారు. యూటాలో సుమారు 11 వేల ఎకరాలు, నెవాడాలో దానికి ఎన్నో రెట్లు. సుమారు రెండు వారాలకే దాన్ని తొలగించారు. తొలగించాలని పట్టుబట్టింది ట్రంప్ మొదటి విడతలో అంతర్గత వ్యవహారాల మంత్రిగా పనిచేసిన రిపబ్లికన్ రయాన్ జింకీ. తర్వాత యూటా సెనేటర్ మైక్ లీ పడమటి రాష్ట్రాల్లో లక్షల ఎకరాల అమ్మకానికి ప్రతిపాదన తెచ్చారు. ఇళ్ల కోసమేనని చెప్పారు. వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పర్యావరణవాదులు ఒక్కటయ్యారు. వీళ్లంతా ఒకే మాట మీద నిలబడడం అరుదు. జూన్ ఆఖరుకు లీ కూడా వెనక్కి తగ్గారు. ఏ ఊరికి, ఏ ముక్క, ఏ పనికి అన్నది చెప్పిన బిల్లుకు 348 ఓట్లు పడితే, "లక్షల ఎకరాలు, ఎక్కడో తర్వాత చెబుతాం" అన్నదానికి సొంత పార్టీలోనే దిక్కు లేకపోయింది. షరతులు నగరాల చేతులు కట్టేసే మాట నిజమే కానీ, అవి లేకపోతే భూమి కదిలేదే కాదు.

ఉచితంగా వచ్చిన భూమికి అయిన ఖర్చు

మళ్లీ వాషింగ్టన్ సంగతికి వస్తే, నగరం భూమికి పైసా చెల్లించలేదు. అసలు బిల్లు ఆ తర్వాత వచ్చింది. 2025 ఏప్రిల్ 28న మేయర్ మ్యూరియెల్ బౌజర్, జట్టు యజమాని జాష్ హారిస్ కలిసి ఒప్పందం ప్రకటించారు. 65 వేల సీట్ల స్టేడియం, 2030కల్లా ప్రారంభం. జట్టు పెట్టుబడి కనీసం 270 కోట్ల డాలర్లు. నగరం వైపు నుంచి స్టేడియానికి 50 కోట్ల డాలర్లు, దానిపైన పార్కింగ్ భవనాలు, రోడ్లు, ఇతర వసతులు కలుపుకుంటే ప్రజాధనం 100 కోట్ల డాలర్లు దాటుతుంది. స్టేడియానికి ఆస్తి పన్ను ఉండదు. ప్రాంగణంలో 5,000 నుంచి 6,000 ఇళ్లు, వాటిలో కనీసం 30 శాతం అందుబాటు ధరలో. నగర కౌన్సిల్ వేసవి అంతా బేరమాడి, కొంత మార్పించి, సెప్టెంబరు 17న 11-2 ఓట్లతో ఆమోదించింది. పాత స్టేడియం కూల్చివేత అదే ఏడాది మొదలైంది.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. భూమి నగరం చేతికి రావడం మంచిదే, దాన్ని వ్యతిరేకించడానికి గట్టి కారణం కనిపించదు. ఎవరూ వాడని తారు మైదానం, దాని భవిష్యత్తు తేల్చే హక్కు అక్కడి జనానికి ఉండాలి. స్టేడియం ఒప్పందం వేరే లెక్క. క్రీడా స్టేడియాలకు పెట్టే ప్రజాధనం స్థానిక ఆదాయంగా తిరిగి వస్తుందన్న వాదనను చాలామంది ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి ఒప్పుకోవడం లేదు. ఫుట్‌బాల్ స్టేడియం అయితే మరీ కష్టం, సొంత మైదానంలో ఏడాదికి పది ఆటలు కూడా పెద్దగా దాటవు. మిగతా రోజులు కచేరీలతో నింపాలి. మెట్రో పక్కనే ఉన్న స్థలంలో వేల కార్లకు పార్కింగ్ భవనాలు ప్రజల డబ్బుతో కట్టడం ఇంకా విచిత్రం. తారు పోయి కాంక్రీటు వస్తోంది.

భూమి ఇచ్చిన చట్టం స్టేడియం కట్టాలని చెప్పలేదు, కట్టుకోవచ్చు అంది. కానీ బిల్లు నెగ్గడానికి స్టేడియమే ఇరుసు అయింది. జట్టు యజమానులు, జాతీయ ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ స్వయంగా కాంగ్రెస్ చుట్టూ తిరిగారు. ఉత్త ఇళ్ల కోసం, పార్కుల కోసం అయితే అంత బలగం కదిలేదా అన్నది అనుమానమే. డీసీలోనే 2006 చట్టం కింద నగరానికి ఇవ్వాలనుకున్న పాప్లర్ పాయింట్ సంగతి చూడండి. అదీ అనకోస్టియా ఒడ్డునే, సుమారు 110 ఎకరాలు. ముందుగా తీర్చాల్సిన షరతులు, పర్యావరణ అధ్యయనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఏళ్లకు ఏళ్లు గడిచిపోయాయి. దాని వెనక ఏ ఫుట్‌బాల్ జట్టూ లేదు.

సికింద్రాబాద్‌లో ఇదే ప్రశ్న

భారత్‌లో భూమి రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కానీ రైల్వే, రక్షణ శాఖ, పోర్టుల భూములు కేంద్రానివి. వాటి చుట్టూ నగరం పెరిగిన చోటల్లా వాషింగ్టన్ లాంటి పేచీయే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ దానికి దగ్గరి ఉదాహరణ. 1806 నుంచి ఉన్న ఈ కంటోన్మెంట్ చుట్టూ హైదరాబాద్ అన్ని వైపులా అల్లుకుపోయింది. లోపల లక్షల మంది పౌరులు ఉంటున్నారు, పాలన మాత్రం రక్షణ శాఖ కింది కంటోన్మెంట్ బోర్డుది. సైన్యానికి చెందిన ఏఓసీ సెంటర్ రోడ్లు మూసేసినప్పుడు సైనిక్‌పురి, మల్కాజిగిరి వైపు జనం పడ్డ అవస్థ, 2018 మేలో రక్షణ శాఖ దేశవ్యాప్తంగా కంటోన్మెంట్ రోడ్లు తెరవమని ఆదేశించేదాకా సాగిన పోరాటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. రక్షణ శాఖ చేతిలోని బైసన్ పోలో మైదానాన్ని రాష్ట్ర ప్రభుత్వం కొత్త సచివాలయానికి అడిగితే ఎంత గొడవైందో, చివరికి ఆ ఆలోచనే మానుకోవాల్సి వచ్చిందో తెలిసిందే.

2024 మార్చిలో కాస్త కదలిక వచ్చింది. రాజీవ్ రహదారి, నాగ్‌పూర్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ శాఖ భూమి ఇవ్వడానికి ఒప్పుకుంది, వెంటనే రెండింటికీ శంకుస్థాపనలు జరిగాయి. అదే ఏడాది జూన్‌లో కంటోన్మెంట్ల పౌర ప్రాంతాలను పక్కనున్న మునిసిపాలిటీల్లో కలపడానికి రక్షణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని ఖాస్ యోల్‌తో 2023లోనే ఈ పని మొదలైంది. మార్గదర్శకాల ప్రకారం నీళ్లు, రోడ్లు, డ్రైనేజీ వంటి పౌర సేవలకు పనికొచ్చే ఆస్తులు ఉచితంగా రాష్ట్రానికి, మునిసిపాలిటీకి వస్తాయి. బోర్డు ఆస్తులతో పాటు అప్పులూ వస్తాయి. భూమి హక్కు మాత్రం, వర్తించే చోటల్లా, భారత ప్రభుత్వానిదే.

ఆ ఆఖరి మాట ఎవరికి తగులుతుందంటే, ఓల్డ్ గ్రాంట్ బంగళాల్లో ఉండేవాళ్లకు. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన ఆ పద్ధతిలో కట్టడం వాళ్లది, కింద నేల ప్రభుత్వానిది. ఇల్లు అమ్మాలన్నా, మరో అంతస్తు వేయాలన్నా ఇన్నాళ్లూ కంటోన్మెంట్ బోర్డు, రక్షణ భూములు చూసే డిఫెన్స్ ఎస్టేట్స్ కార్యాలయం చుట్టూ తిరిగారు. విలీనం అయితే ప్లాన్ అనుమతి మునిసిపాలిటీ ఇస్తుంది, చెత్త బండి మునిసిపాలిటీది వస్తుంది, ఆస్తి పన్ను అక్కడే కడతారు. నేల మీద హక్కు గురించి అడిగితే ఫైలు మళ్లీ డిఫెన్స్ ఎస్టేట్స్ కార్యాలయానికే వెళ్తుంది.